నాలుగు పుటల వ్యాసం – సత్యేంద్రనాథ్ బోస్

విజ్ఞానశాస్త్రంలో కొత్త విషయాన్ని కనుగొనడం ఒక ఎత్తు. దానిని పండితలోకం చేత చదివించడం మరొక ఎత్తు. పరిశోధకుడు తన ఫలితాన్ని వ్యాసంగా రాసి పత్రికకు పంపాలి. సంపాదకుడు దాని యోగ్యతను నిర్ణయించాలి. అచ్చుకెక్కని ఫలితం ఎంత గొప్పదైనా లోకానికి లేనట్లే. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ముప్పై ఏళ్ల అధ్యాపకునికి సరిగ్గా ఈ చిక్కే ఎదురైంది. దానిని దాటడానికి ఆయన ఎన్నుకున్న మార్గం అసాధారణమైనది. ఆయనే సత్యేంద్రనాథ్ బోస్.

బోస్ 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సురేంద్రనాథ్ బోస్ రైల్వే ఉద్యోగి. తల్లి ఆమోదినీ దేవి. ఆరుగురు చెల్లెళ్లకు ఆయన ఒక్కరే అన్న. హిందూ స్కూలులో చదువు ముగించి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహనీయులు అక్కడ ఆయనకు గురువులు. మేఘనాథ్ సాహా సహాధ్యాయి. 1915లో జరిగిన ఎం.ఎస్సీ. పరీక్షలో బోస్ ప్రథమ స్థానాన్ని, సాహా ద్వితీయ స్థానాన్ని పొందారు.

చదువు పూర్తయిన నాటికి మొదటి ప్రపంచయుద్ధం సాగుతోంది. భౌతికశాస్త్రంలో కొత్త భావాలన్నీ జర్మన్ భాషలో వెలువడుతున్నాయి. ఆ గ్రంథాలు కలకత్తాకు చేరడమే గగనం. శివపూర్‌లోని ఇంజనీరింగు కళాశాలలో పనిచేస్తున్న బ్రూల్ అనే ఆచార్యుని వద్ద కొన్ని ఉన్నాయని తెలిసి మిత్రులిద్దరూ వాటిని అరువు తెచ్చుకొని చదివారు. అందుకోసం జర్మన్ నేర్చుకున్నారు. అంతటితో ఆగక, ఐన్‌స్టైన్ సాపేక్షతా సిద్ధాంత వ్యాసాలను ఆంగ్లంలోకి అనువదించారు. ఐన్‌స్టైన్ అనుమతితో ఆ అనువాదాన్ని 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం గ్రంథంగా ప్రచురించింది. అందులో సామాన్య సాపేక్షతను గురించిన వ్యాసాన్ని అనువదించినది బోసే. ఈ శ్రమ తరువాత ఎలా అక్కరకు వచ్చిందో ముందు తెలుస్తుంది.

1921లో ఢాకాలో కొత్త విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోస్ అక్కడ రీడరుగా చేరారు. విద్యార్థులకు వికిరణ సిద్ధాంతం బోధించవలసి వచ్చినప్పుడు ఒక లోపం ఆయనను వేధించింది. వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతిలో ఏ రంగుకు ఎంత శక్తి ఉంటుందో తెలిపే సూత్రాన్ని మాక్స్ ప్లాంక్ 1900లో కనుగొన్నారు. సూత్రం ప్రయోగాలకు చక్కగా సరిపోయింది. కాని దానిని సాధించిన పద్ధతిలోనే వైరుధ్యం ఉంది. సగం లెక్క పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం మీద, మిగిలిన సగం దానితో పొసగని క్వాంటం భావన మీద ఆధారపడి నిలిచింది. డిబై, ఐన్‌స్టైన్ వంటివారు వేర్వేరు మార్గాలలో ప్రయత్నించారు గాని ఎక్కడో ఒకచోట పాత సిద్ధాంతాన్ని ఆశ్రయించక తప్పలేదు. తానే నమ్మని మెట్టును విద్యార్థుల చేత ఎక్కించడం బోస్‌కు ఇష్టం లేకపోయింది.

ఆయన చేసిన పని వినడానికి చిన్నది. కాంతిని తరంగంగా కాక కణాల సముదాయంగా భావించి, ఆ కణాలు ఏయే స్థితులలో ఉండవచ్చునో కొత్తరీతిలో లెక్కించారు. రెండు చింతగింజలను రెండు గిన్నెలలో వేయాలనుకుందాం. గింజలకు వేర్వేరు గుర్తులుంటే నాలుగు విధాలుగా వేయవచ్చు. అవి ఏ మాత్రం తేడా కనిపించనివైతే మూడే విధాలు: రెండూ మొదటి గిన్నెలో, రెండూ రెండవ గిన్నెలో, లేదా ఒక్కొక్క దానిలో ఒక్కొక్కటి. బోస్ ఏ కణం ఎక్కడ ఉన్నదని అడగలేదు; ఏ గడిలో ఎన్ని ఉన్నాయని మాత్రమే అడిగారు. ఆ విధంగా లెక్కిస్తే పాత సిద్ధాంతపు ఊతం లేకుండానే ప్లాంక్ సూత్రం మొత్తం వచ్చింది. ఇదంతా తరగతిగదిలో దొర్లిన పొరపాటు వలన కలిగిన అదృష్టమని ఒక కథ ప్రచారంలో ఉంది. అంతకుముందు ఎన్నో ఏళ్లు మూలగ్రంథాలతో కుస్తీ పట్టిన మనిషి విషయంలో ఆ కథను నమ్మవలసిన అవసరం లేదు.

బోస్ ఈ ఫలితాన్ని ఆంగ్లంలో క్లుప్తమైన వ్యాసంగా రాసి లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపారు. 1798 నుంచి నడుస్తున్న ఆ పత్రికకు ఆయన కొత్తవారేమీ కాదు. సాహాతో కలిసి రాసిన ఒక వ్యాసం 1918లో అందులోనే అచ్చయింది. అయినా ఈసారి వ్యాసం వెలుగు చూడలేదు. అటువంటప్పుడు చాలామంది వ్యాసాన్ని సొరుగులో పెట్టి ఊరుకుంటారు. బోస్ అలా ఊరుకోలేదు.

1924 జూన్ 4వ తేదీన ఆయన వ్యాసపు ప్రతిని బెర్లిన్‌లోని ఐన్‌స్టైన్‌కు పంపుతూ ఒక లేఖ జతచేశారు. ఆ లేఖలో వినయమూ ఉంది, ఆత్మవిశ్వాసమూ ఉంది. తాను సాధించినదేమిటో రెండు ముక్కలలో చెప్పి, దానిపై అభిప్రాయం కోరారు. వ్యాసాన్ని జర్మన్‌లోకి మార్చేటంత భాషాజ్ఞానం తనకు లేదని ఒప్పుకున్నారు. ప్రచురణార్హమని తోస్తే జైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్ అనే పత్రికలో అచ్చు వేయించమని అర్థించారు. ముఖపరిచయం లేకపోయినా, రచనల ద్వారా తామందరూ ఆయన శిష్యులమేనన్న భావంతో ఇంత చనువు తీసుకున్నానని తెలిపారు. సాపేక్షతా వ్యాసాల అనువాదానికి ఒకప్పుడు కలకత్తా నుంచి అనుమతి కోరిన సంగతిని గుర్తుచేసి, ఆ అనువాదకులలో తానొకడినని పరిచయం చేసుకున్నారు. పాత శ్రమ ఈ విధంగా పరిచయపత్రంగా ఉపయోగపడింది.

ఐన్‌స్టైన్ వ్యాసం విలువను వెంటనే గ్రహించారు. స్వయంగా జర్మన్‌లోకి అనువదించి పత్రికకు పంపారు. అది జూలై 2వ తేదీన అందినట్లు పత్రికలో నమోదై ఉంది. విమానాలలో టపా రాని ఆ రోజులలో ఢాకా నుంచి సముద్రం మీదుగా బెర్లిన్ చేరడం, అనువాదం కావడం, పత్రికకు అందడం, అన్నీ నాలుగు వారాలలోనే జరిగిపోయాయి! నాలుగు పుటల ఆ వ్యాసం అదే ఏడాది వెలువడింది. రచయిత పేరు దగ్గర పొడి అక్షరాలైనా లేకుండా బోస్ అని మాత్రమే అచ్చయింది. చివర అనువాదకుడు చేర్చిన గమనిక దానికి వన్నె తెచ్చింది. ఇది ఒక ముఖ్యమైన ముందడుగని, ఇదే పద్ధతి వాయువులకు కూడా వర్తిస్తుందని, ఆ సంగతి వేరేచోట వివరిస్తానని ఐన్‌స్టైన్ అందులో తెలియజేశారు. జూలై 10వ తేదీన ప్రష్యన్ అకాడమీలో దానిని వివరించారు కూడా.

అయితే ఐన్‌స్టైన్ అన్నింటికీ తల ఊపలేదు. కొద్దిరోజులలోనే బోస్ పంపిన రెండవ వ్యాసాన్ని కూడా అనువదించి ప్రచురింపజేశారు గాని, దానితో తాను ఏకీభవించడం లేదని కారణాలతో సహా అదే పత్రికలో ముద్రించారు. ఒకరి వ్యాసాన్ని తానే తర్జుమా చేసి, తానే ఖండించడం అరుదైన విషయం.

మొదటి వ్యాసాన్ని మెచ్చుకుంటూ ఐన్‌స్టైన్ రాసిన పోస్టుకార్డు బోస్ జీవితాన్ని మలుపు తిప్పింది. దానిని చూసిన విశ్వవిద్యాలయం విదేశాలలో చదువుకోవడానికి రెండేళ్ల సెలవు మంజూరు చేసింది. 1924లో ఆయన పారిస్ చేరారు. మేరీ క్యూరీని కలిసినప్పుడు, ప్రయోగశాలలో చేరేముందు కొన్నినెలలు ఫ్రెంచి నేర్చుకొని రమ్మని ఆమె ఆంగ్లంలో సలహా ఇచ్చారట. ఆయనకు అప్పటికే ఫ్రెంచి వచ్చు. ఆ మాట చెప్పే అవకాశం దొరకలేదు! 1925లో బెర్లిన్ వెళ్లి ఐన్‌స్టైన్‌ను స్వయంగా దర్శించారు. 1926లో ఢాకాకు తిరిగివచ్చారు. డాక్టరేటు పట్టం లేకపోయినా ఐన్‌స్టైన్ సిఫారసు తోడై ఆచార్య పదవి లభించింది.

తరువాత బోస్ వెలువరించిన వ్యాసాలు కొద్దివే. పేరు కోసం రాసే స్వభావం ఆయనది కాదు. ఎస్రాజ్ వాయించేవారు, అనేక భాషలు చదివేవారు, విద్యార్థులతో గంటల తరబడి ముచ్చటించేవారు. 1945లో కలకత్తా చేరి, 1948లో బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, మాతృభాషలో విజ్ఞానశాస్త్రాన్ని బోధించాలని చివరివరకు కృషి చేశారు. 1954లో పద్మవిభూషణ్ పురస్కారం, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు. 1974 ఫిబ్రవరి 4వ తేదీన కన్నుమూశారు.

బోస్ లెక్కను అనుసరించే కణాలకు డిరాక్ అనే శాస్త్రవేత్త బోసాన్లు అని పేరుపెట్టారు. అణువాయువును మితిమీరి చల్లబరిస్తే పరమాణువులన్నీ ఒకే స్థితికి చేరతాయని ఆ లెక్క ఆధారంగా ఐన్‌స్టైన్ ఊహించినది 1995లో అమెరికాలో ప్రయోగపూర్వకంగా రుజువైంది. అందుకు ముగ్గురు శాస్త్రవేత్తలు 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇక ఆ నాలుగు పుటల వ్యాసం విషయానికి వస్తే, బోస్ ఆంగ్లంలో రాసిన దానిని నేడు ఆంగ్లంలో చదవగోరేవారికి దొరికేది ఐన్‌స్టైన్ జర్మన్ పాఠం నుంచి మరల ఆంగ్లంలోకి తెచ్చుకున్న అనువాదమే.