సుబేదారు గారి అబ్బాయి - మన రేలంగి

సైన్యం మీద పాత హాస్య చిత్రాలు అనగానే చాలామందికి 1918లో సిపాయి వేషం వేసిన చార్లీ చాప్లిన్ గుర్తుకొస్తారు. మన తెలుగు తెరకు తుపాకులు లేకపోయినా జానపద సినిమాల కోటలు, ఆ కోటల్లో పిరికి వీరులు ఉన్నారు. ఆ పిరికి వీరుడికి ప్రాణం పోసినవారు రేలంగి వెంకట్రామయ్య గారు.

రేలంగి గారు 1910లో కోనసీమలోని రావులపాడులో జన్మించారు. తండ్రి మిలటరీలో సుబేదారుగా చేసి, రిటైరయ్యాక పిల్లలకు సంగీతం, హరికథలు నేర్పేవారు. రేలంగి గారు చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. చదువు కన్నా నాటకాల మీదే ధ్యాస. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడవేషాలు వేశారు.

1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాల్లోకి వచ్చినా పేరు రాలేదు. దర్శకులు సి.పుల్లయ్య గారి దగ్గర తెరవెనుక పనులు చేస్తూ, దొరికిన చిన్న వేషమల్లా వేస్తూ పన్నెండేళ్ళకు పైగా గడిపారు. 1948లో ‘వింధ్యరాణి’, 1949లో ‘గుణసుందరి కథ’ ఆయన దశ తిప్పాయి.

1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. దర్శకులు కె.వి.రెడ్డి గారు మన సీమవారే, తాడిపత్రి ప్రాంతం. అందులో రేలంగి గారు రాజుగారి బావమరిది సూరసేనుడు. 1957లో ‘మాయాబజార్’లో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు. ఇద్దరికీ హోదా చుట్టరికంతో వచ్చింది, ధైర్యం అలా రాలేదు. అక్కడే నవ్వు పుడుతుంది.

అదే ‘పాతాళభైరవి’లో తోటరాముడు తోటమాలి కొడుకు. అతనికి హోదా లేదు, గుండె ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మాలాంటివాళ్ళకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక సంతకం కోసం ఆఫీసుల ముందు నిలబడి గొంతు పెగలనివాళ్ళం మేము. అందుకే నంద్యాలలోనైనా, ఆళ్ళగడ్డలోనైనా హాస్టల్ టీవీలో ఆ సినిమా వస్తే కంచాలతోనే వచ్చి కూర్చునేవాళ్ళం.

రేలంగి గారు సూరసేనుణ్ణి చూసి అసహ్యం పుట్టనివ్వలేదు. నవ్వుతూనే జాలిపడతాం. భయం మనకూ తెలుసు కదా! ఈ ఏడాదే హాస్టల్లో చేరిన తమ్ముళ్ళకు ఇంకా బాగా తెలుసు.

1970లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1975లో తాడేపల్లిగూడెంలో కన్నుమూశారు.

తమ్ముళ్ళూ! ఈసారి సూరసేనుణ్ణి చూసి కడుపారా నవ్వండి. మర్నాడు ఏ ఆఫీసు మెట్లు ఎక్కాల్సి వచ్చినా, కుర్చీలో ఉన్న మనిషిని తలెత్తి చూసి మీ పని అడగండి.