కర్నలు మెకంజీ కూర్చిన నాణెముల కోశము

బంగారము విలువ కంసాలి త్రాసు చెప్పగలదు. బంగారు నాణెముపై నున్న రాజు పేరును, దేవతామూర్తిని, లిపిని చదివి, అది ఏ దేశమున పుట్టి ఏ దారిని వచ్చెనో చెప్పుటకు మాత్రము త్రాసు చాలదు, విద్య కావలయును. అట్టి విద్యయందు ఆదరము గలవారు మిక్కిలి అరుదుగా నున్న కాలమున, ఊరూరికి మనుష్యులను పంపి పాతనాణెములను ప్రోగుచేయించిన మహాపురుషుడు కర్నలు కాలిన్ మెకంజీ. గ్రామముల కైఫీయతులను వ్రాయించిన మెకంజీగా ఆయన తెలుగువారి కందఱకు పరిచితుడే. ఆ కైఫీయతుల కీర్తి మాటున నాణెముల కథ కొంత మఱుగుపడినది.

మెకంజీ 1754వ సంవత్సరమున స్కాట్లండు దేశమునకు చెందిన లూయీ ద్వీపములో, స్టార్నొవే అను రేవుపట్టణమున జన్మించెను. యౌవనమున అచ్చటి సుంకపు కచ్చేరిలో ఉద్యోగము చేసెను. లాగరితముల గణితమును కనుగొన్న జాన్ నేపియరు జీవితచరిత్రకై ఆ వంశపు ప్రభువొకరు పూనుకొని, హిందువుల గణితవిద్యను గూర్చిన విషయముల సేకరణకు మెకంజీని నియోగించెను. ఈ విధముగా భారతదేశముపై ఆయనకు ఆసక్తి కలిగెను. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువున చెన్నపట్టణము చేరి, సైన్యములో ఇంజనీరయ్యెను. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడియందు పాల్గొని, పిమ్మట మైసూరు రాజ్యమును కొలిపించు గొప్ప పనికి అధిపతి యయ్యెను.

భూమిని కొలుచువానికి ఊరి పొలిమేర తెలిసిన చాలును. మెకంజీకి అది చాలలేదు. ఆ పొలిమేర ఎవరు నిర్ణయించిరి, ఆ చెరువు ఎవరు త్రవ్వించిరి, ఆ గుడికి మాన్యము ఎవరిచ్చిరి అను ప్రశ్నలు ఆయనను వెన్నాడెను. ఆయనకు దేశభాషలు రావు. ఆ కొఱతను తీర్చినవాడు ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1776లో జన్మించిన ఈ తెలుగు యువకుడు ఇరువదియేండ్ల ప్రాయమున మెకంజీ కొలువున చేరి, పండితులతోను, కరణములతోను స్నేహము చేసి, ప్రాచీనలిపులను చదువుటలో ఆరితేరెను. 1803లో ఇరువదియేడేండ్లకే ఆయన అస్తమింపగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వీరును, వీరి క్రిందివారును గ్రామగ్రామము తిరిగి కవిలెలకు నకళ్ళు వ్రాయుచు, శాసనములను ఎత్తి వ్రాసికొనుచు, దొరికిన నాణెములను సంపాదించి పంపుచుండిరి.

నాటి ధనవ్యవహారము నేటివారికి వింతగా తోచును. మన సీమలో శిస్తులకును, పెద్ద బేరములకును బంగారు వరహాయే ప్రమాణము. చెన్నపట్టణపు లెక్కలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. అనగా వరహా ఒకటికి 3,360 కాసులు. వరహా తూకము ఇంచుమించు మూడున్నర గ్రాములు. పలు ప్రభుత్వముల వరహాలు, పణములు ఒకే అంగడిలో మారుచుండుటచే నాణెమును పరీక్షించి మారకము చెప్పు షరాబు లేనిదే వ్యాపారము నడచెడిది కాదు. చెలామణి తప్పిన నాణెము నేరుగా మూసలోనికి పోవుచుండెను.

మూసలోనికి పోయిన దానిని ఏ పండితుడును తిరిగి తేజాలడు. 1780 దశకమున నెల్లూరి దాపున ఒక రైతు దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టు తగిలెను. త్రవ్విచూడగా చిన్న గుడి శిథిలమును, దానిక్రింద ఒక పాత్రలో బంగారు నాణెములును కనబడెను. రైతు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. చాల భాగము కరగిపోయెను. మిగిలినవి ముప్పదికి పైబడి ఆర్కాటు నవాబు కుమారుని చేత చిక్కగా, అవి ట్రాజను, హేడ్రియను మొదలగు రోమను చక్రవర్తుల కాలపు నాణెములని తెలియవచ్చెను. రెండవ శతాబ్దిలో రోమునకును తెలుగు తీరమునకును నడచిన వర్తకమునకు అవి సాక్షులు. కరగిపోయినవి ఇంకేమి సాక్ష్యము చెప్పియుండెడివో! మెకంజీ పూనిన పని మూసతో పందెము వంటిది.

కృష్ణ కావలి ఒడ్డున నున్న అమరావతిలోను ఆయనకు ఇట్టి అనుభవమే కలిగెను. జగ్గయ్యపేటను తండ్రి పేర వెలయించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో నగరమును నిర్మించుచుండిరి. అప్పుడు దీపాలదిన్నెను త్రవ్వగా చెక్కడపు పాలఱాళ్ళు బయటపడెను. మెకంజీ ఆ వార్త విని 1790 దశకపు చివర దానిని దర్శించెను. 1816లో మరల వచ్చునప్పటికి దిన్నె నడుమ చెఱువు గోయి ఏర్పడియుండెను. ఱాళ్ళు పెక్కు కట్టడములకు పోయియుండెను. మిగిలినవానినైన చిత్రములుగా వ్రాయించి ఆయన కాపాడెను.

వరహాకును అంత్యకాలము సమీపించెను. 19వ శతాబ్ది తొలినాళ్ళలో చెన్నపట్టణపు టంకశాల యంత్రములతో కొత్త వరహాలు ముద్రించెను. వానికి ఒకవైపు గోపురము, చుట్టును చుక్కలు, రెండవవైపు విష్ణుమూర్తి. ఆంగ్ల, పారశీక, తమిళ లిపులతోపాటు తెలుగు లిపియు వానిపై కలదు. అయినను 1818లో కంపెనీవారు వెండి రూపాయిని ప్రమాణముగా నిర్ణయించి, 100 వరహాలకు 350 రూపాయలుగా మారకము కట్టిరి. నిన్నటివఱకు సంతలో మారిన నాణెము నాటినుండి కరగింపదగిన పాత బంగారమైనది. అందుచేతనే ఆ తెలుగు అక్షరముల వరహాలు నేడు నాణెసేకర్తలకు అపురూపములు.

మెకంజీ 1815లో భారతదేశమున కంతకును మొదటి సర్వేయరు జనరలుగా నియుక్తుడై, 1817లో లక్ష్మయ్య మొదలగువారిని వెంటగొని కలకత్తా చేరెను. సేకరణకు సొంతసొమ్ము విరివిగా వ్యయపఱచెను. ప్రోగుచేసిన దానికంతకు తానే వివరమైన పట్టిక వ్రాయవలెనని ఆశించెను, ఆరోగ్యము సాగనీయలేదు. స్వదేశమును మరల చూడకయే 1821 మే 8వ తేదీన హుగ్లీనదిపై పడవలో పోవుచు ప్రాణములు విడిచెను. కంపెనీవారు ఆయన భార్యకు 10,000 పౌనులిచ్చి ఆ సంచయమును కొనిరి. హోరేసు విల్సను 1828లో ప్రకటించిన పట్టికలో నాణెముల సంఖ్య 6,218. అందు పెక్కు లండను నగరము చేరినవి. గ్రంథములలో చాల భాగము కాలక్రమమున చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నిలిచినవి.

మెకంజీ మరణించిన యేటనే వాల్టరు ఎలియటు చెన్నపట్టణమున దిగెను. ఉత్తర సర్కారులలో అధికారియై అమరావతిలో త్రవ్వించి, దక్షిణదేశపు నాణెములను సేకరించి 1886లో గ్రంథము ప్రకటించెను. చాళుక్య శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు నాణెములు అరకాను తీరపు ద్వీపమున దొరకినవి. నన్నయభట్టారకుని పోషించిన రాజు పేరు గల నాణెము సముద్రమును దాటెనని ఏ కావ్యమును మనకు చెప్పలేదు. కరగకుండ మిగిలిన ఆ బంగారపు ముక్కలే చెప్పినవి.

చాగివారు ఏలిన గుడిమెట్ల మన చందర్లపాటి సీమలోనిదే. వానలు వెలిసిన పిదప జనులు అచ్చట వజ్రములకై వెదకుట అందఱు ఎఱిగినదే. అట్టి నేలలో ఏ నాగటిచాలునందైన పాతనాణెము తేలినచో దానిని తోమరాదు, కరగింపరాదు. 10 రూపాయల విలువను మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878లోనే చట్టమేర్పడినది. చట్టముకన్న ముందే, ఎవరి ప్రేరణయు లేక, ఒక పరదేశి మన పూర్వుల గుర్తులను పదిలపఱచెను. ఆయనకు కన్నులై నిలిచినవారు మన తెలుగు సోదరులు. వారు మొదలిడిన పనిని కొనసాగించుట ఈ నేలపై బ్రతుకువారి విధి.