వైద్యశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములయందు బోదకాలు అను వ్యాధినిగూర్చి విననివారు అరుదు. ఆ వ్యాధి వ్యాపింపకుండుటకై ప్రభుత్వమువారు తెలుగునాట ఇంటింట పంచిపెట్టిన మాత్ర, ఒక తెలుగువాడు అధ్యక్షత వహించిన ప్రయోగశాలనుండి లోకమునకు లభించినదని ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. అచ్చటనే పుట్టిన మరియొక మందు, శరీరమునందలి రోగనిరోధకశక్తి పెడత్రోవ పట్టినప్పుడు దానిని అదుపునందుంచుటకు నేటికిని ఉపయోగపడుచున్నది. ఆ మహనీయుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును వీడుటవలన కుటుంబము ఇక్కట్లపాలయ్యెను. పదుమూడేండ్ల ప్రాయమున ధనము సంపాదింపనెంచి, కాశీకి పోవు తలంపుతో ఇల్లు విడిచిన బాలుని పెద్దలు మరల ఇంటికి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు ఆయన రెండుమారులు తప్పెను. మూడవమారు మదరాసునందలి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. పరీక్షలో తప్పినంతమాత్రమున తమ బ్రతుకు ముగిసెనని క్రుంగిపోవు బాలబాలికలును, వారిని నిందించు తలిదండ్రులును ఈ సంగతిని మరువరాదు.

పిమ్మట ఆయన మదరాసు వైద్యకళాశాలయందు చేరెను. స్వదేశీయుద్యమమునందలి అభిమానముచే ఖద్దరు ధరించుటవలన ఆచార్యుని అసంతుష్టికి పాత్రుడయ్యెను. తుదకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువ తరగతి పట్టమైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. 1919లో శేషగిరిని వివాహమాడెను. ఇంతలో స్ప్రూ అను జీర్ణకోశవ్యాధివలన ఆయన సోదరులిద్దరు కొలదిదినముల వ్యవధిలో మృతినొందిరి. ఆయనకును అదే వ్యాధి సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడెను. సోదరులను హరించిన వ్యాధికి కారణము కనుగొనవలెనను పట్టుదల అప్పటినుండి ఆయనను విడువలేదు.

మామగారి సహాయముతోను, కాకినాడయందలి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారి సహాయముతోను ఆయన అమెరికాయందలి బోస్టను నగరము చేరెను. జరుగుబాటుకై రాత్రివేళల ఆసుపత్రిలో కూలిపని చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు సాగించెను. స్వదేశమున విడిచివచ్చిన భార్యకు కలిగిన కుమారుడు తండ్రి కన్నులబడకయే శైశవమున మరణించెను. సుబ్బారావు మరల స్వదేశమును చూడలేదు. ఆయన విద్యకు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యమును గూడ మనము గణింపవలసియున్నది.

సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. దానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని పేరు. 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. ఆ రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీయందు కార్ల్ లోమన్ కూడ కనుగొనెను. సర్వజీవులకు శక్తినొసగు నాణెము వంటిది ఎ.టి.పి. ఇంత చేసినను హార్వర్డునందు స్థిరోద్యోగము లభింపలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ నందలి లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, అచ్చట పరిశోధనాధ్యక్షుడయ్యెను.

అచ్చటి శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది మంచి మందయ్యెను. జీవకణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. దాని రూపమునే పోలి, దాని పనిని చెడగొట్టు పదార్థమును కణమున కందించినచో, తాళమునందు మారుతాళపుచెవి ఇరుకుకొన్నట్లు కణవిభజన నిలిచిపోవును. అట్టి అమినోప్టెరిన్‌ను లెడర్లీవారు తయారుచేయగా, బోస్టనునందు డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరుచే బాధపడు బిడ్డల కిచ్చెను. 1948లో ప్రకటించిన వివరముల ప్రకారము పదునారుగురిలో పదిమందికి తాత్కాలికముగా గుణము కనిపించెను. మెథోట్రెక్సేట్ దీని తోబుట్టువు.

ఇక రోగనిరోధకశక్తి విషయము. శత్రుక్రిములను చంపవలసిన కణములు ఒక్కొక్కప్పుడు కంచెయే చేను మేసినట్లు స్వశరీరమునే బాధించును. 1868లో పారిసునగరమున షార్కో అను వైద్యుడు విపులముగా వర్ణించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ అట్టిదే. విద్యుత్తీగపై తొడుగువలె నరములను కప్పియుండు మైలిన్ పొర చెడి, చూపు మందగించుట, కాళ్లు పట్టు తప్పుట, తిమ్మిరి మున్నగునవి కలుగును. రేగిన రక్షకకణములు కూడ వేగముగా వృద్ధినొందును గనుక మెథోట్రెక్సేట్ వానిని అణచునని వైద్యులు ఆశించిరి. కీళ్లవాతమున అది నేడు ప్రధానౌషధము. మల్టిపుల్ స్క్లెరోసిస్‌నందు 1995లో అరువదిమంది రోగులపై జరిగిన పరీక్షయందు ముఖ్యముగా చేతుల పాటవము క్షీణించుట కొంత తగ్గెను. అంతకుమించి ఫలితము స్వల్పమే. పిదప లెడర్లీయందే పుట్టిన మిటోక్సాంట్రోన్ అను క్యాన్సరు మందు 2000లో ఈ వ్యాధికి అమెరికాయందు అనుమతింపబడెను. కాని గుండెకు హాని చేయుటవలన దాని వాడుక తగ్గినది. 2017లో వచ్చిన ఓక్రెలిజుమాబ్ ప్రధానముగా బి కణములను గురిచూచి తొలగించును. 2022లో హార్వర్డు శాస్త్రజ్ఞులు కోటిమందికి పైగా అమెరికా సైనికుల వివరములను శోధించి, ఎప్‌స్టీన్–బార్ వైరసు సోకిన పిమ్మట ఈ వ్యాధి ముప్పు ముప్పది రెండింతలగునని తెలిపిరి. వ్యాధిని పూర్తిగా మాన్పు మందు మాత్రము ఇంకను లభింపలేదు.

సుబ్బారావు 1948 ఆగస్టునెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, నిద్రయందే కన్నుమూసెను. తన మందుల పూర్తి ప్రయోజనమును ఆయన చూడలేదు. భారత తపాలాశాఖవారు 1995లో ఆయన పేర స్టాంపు వెలువరించిరి. విద్యార్థులారా, తన ఇంటి దుఃఖమును పరుల ఉపశమనమునకు మూలముగా మార్చిన జీవితమిది. తెలియని వ్యాధులు ఇంకను పెక్కు గలవు. వానికి మందు కనుగొనువారు ఏ ఊరి బడినుండియైనను రావచ్చును. మన బడినుండియు రావచ్చును.