తమ్ముని పుస్తకములే బడిగా: భండారు అచ్చమాంబగారి చరిత్రము

బిడ్డలందఱి బుద్ధియు సమానవేగమున వికసింపదు. తోడివారు అక్షరములు దిద్దుచుండగనే యొక శిశువు వాక్యములు చదువును. అట్టివానిని గుర్తించుట ఉపాధ్యాయుని ధర్మము. కాని బడి గడపయే త్రొక్కని బిడ్డను గుర్తించువారెవరు? భండారు అచ్చమాంబగారి జీవితము మనల నీ ప్రశ్న నడుగుచున్నది.

సత్తెనపల్లికి ఉత్తరముగా, కృష్ణకు ఆవలనున్న నందిగామ సీమలో, పెనుగంచిప్రోలున ఆమె 1874లో జన్మించెను. తండ్రి కొమర్రాజు వేంకటప్పయ్యగారు ఆమె పసితనముననే గతించిరి. పదియేండ్లకే వివాహమయ్యెను, అప్పటికి బడిచదువు లేదు. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు. తల్లి గంగమ్మగారును, 1877లో జన్మించిన తమ్ముడు లక్ష్మణరావును వారియొద్దనే యుండిరి.

తమ్ముడు బడికి పోయెను. అక్క యింట నిలిచెను. అయినను అతడు చదువుకొనునపుడు చెంత కూర్చుండి ఆమెయు నేర్చెను. ఇట్లు తెలుగు, హిందీ, మరాఠీ భాషలు స్వాధీనములయ్యెను. సంస్కృతాదులతో పరిచయము కలిగెను. ఆ తమ్ముడు ఎం.ఏ. పట్టము నంది, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకులలో నొకడయ్యెను. అక్కకు ఏ పట్టమును లేదు.

బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖములోను ఆమె కలమును విడువలేదు. స్త్రీలు వివేకహీనులను నింద నిరాధారమని చూపుటకు అబలాసచ్చరిత్రరత్నమాలను రచించెను. 1902లో ధనత్రయోదశి యను కథను వ్రాసెను. ఆ యేటనే బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కూడి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను. 1905లో, ముప్పదియేండ్లకే, పరమపదించెను.

ప్రతిభ యున్నచో సాయము లేకున్నను పైకి వచ్చునని కొంద ఱీ చరిత్రమును ఉదాహరింతురు. అది పొరపాటు. ఆమెకు తమ్ముడును, అతని పుస్తకములును దొరకెను. దొరకనివారి పేళ్లు మనకు తెలియవు.

సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున బుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించి, బాలికలకు విద్యాద్వారమును తెఱచిరి. ద్వారము తెఱచుట మొదటి పని. లోనికి వచ్చిన బిడ్డను పరికించుట రెండవది. ఇందులకు గొప్ప వ్యయము అక్కఱలేదు. ఇంకను చెప్పని పాఠమొకటి ముందుంచి చూడవలెను. గ్రహించినచో పై పుస్తకము నీయవలెను. ఒక్క గణితమున ముందున్న శిశువును ఆ గంటకు పైతరగతిలో కూర్చుండబెట్టి, తక్కిన చదువునకును ఆటకును ఈడువారితోనే యుంచవచ్చును. వచ్చిన పాఠమునే మరల మరల వల్లింపజేసినచో ఆ బిడ్డకు చదువుపై విసుగు పుట్టును.

సోదరులారా! పత్తితీతకో, మిరపకోతకో బడి మాన్పింపబడి, యింటికి వచ్చి తమ్ముని పుస్తకము తిరగవేయు బాలిక మీ గ్రామమున నుండవచ్చును. ఆమెను పిలిచి, ఒక పుట చదివించి వినుడు.