పదాల చెలిమి తెలిసిన ఆచార్యుడు జె. ఆర్. ఫర్త్

మన కళాశాలలో ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ఒకే గోడకు ఇరువైపులా ఉన్నాయి. ఒక గదిలో గజల్ పాఠం సాగుతుండగా పక్క గదిలో ప్రబంధ పాఠం సాగుతుంది. గంట మోగగానే ఉభయ శాఖల విద్యార్థులూ వరండాలోకి వచ్చి మాట్లాడుకునే భాష మాత్రం ఏ పాఠ్యగ్రంథంలోనూ కనిపించదు. అందులో ఉర్దూ మాటకు తెలుగు విభక్తి చేరుతుంది, తెలుగు వాక్యానికి ఉర్దూ ముగింపు లభిస్తుంది. పెద్దలు దానిని సంకరభాష అని కొట్టివేస్తారు. విద్యార్థులు కూడా అదే నిజమని నమ్మి, తరగతిలో నోరు విప్పడానికి సంకోచిస్తారు. ఏటేటా ఈ సంకోచాన్ని కళ్ళారా చూస్తున్న మాకు ఒక మహాపండితుని జీవితం తరచుగా జ్ఞప్తికి వస్తుంది. నిత్యవ్యవహారంలోని సామాన్య సంభాషణయే భాషాశాస్త్రానికి మూలధనమని చాటిన ఆ పండితుడు ఆచార్య జాన్ రూపర్ట్ ఫర్త్. ఆయన హిందూస్తానీ భాషా ప్రాంతంలో యౌవనం గడిపినవాడు. తెలుగును పరిశోధించడానికై సముద్రం దాటి వచ్చినవాడు. కనుక ఆయన మనకు పూర్తిగా పరాయివాడు కాడు.

ఫర్త్ 1890వ సంవత్సరం జూన్ 17వ తేదీన ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, కీత్లీ అనే ఊరిలో జన్మించారు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆయన అభ్యసించింది భాషాశాస్త్రం కాదు, చరిత్ర. 1911లో ప్రథమ శ్రేణిలో బి.ఏ., 1913లో ఎం.ఏ. పట్టాలు పొంది, కొంతకాలం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చరిత్ర బోధించారు. 1915లో భారత విద్యాసేవలో చేరి మన దేశానికి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికోద్యోగిగా భారతదేశంలోనూ, ఆఫ్ఘనిస్తానంలోనూ, ఆఫ్రికాలోనూ పనిచేశారు. యుద్ధం ముగిసిన తరువాత లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఆచార్య పదవిని స్వీకరించి, 1928 వరకు అక్కడనే ఉన్నారు.

ఆనాటి లాహోరు ఎట్టి నగరమో మన విద్యార్థులు ఊహించుకోవాలి. ఇంట పంజాబీ, సాహిత్య సభలలో ఉర్దూ, కచేరీలో ఉర్దూతోపాటు ఆంగ్లం, మతవిద్యలో అరబ్బీ, సంస్కృతం, గురుముఖి గ్రంథాలు. ఒకే మనిషి ఉదయం నుండి సాయంత్రం లోపల నాలుగు విధాలుగా మాట్లాడే నగరమది. ఒక మనిషికి ఒకే భాష అనే భావన అచ్చట నిలువదు. మనిషి తాను నిర్వహించే పాత్రను అనుసరించి మాటను మార్చుకుంటాడనే విషయాన్ని ఫర్త్ తరువాతి రచనలలో పదే పదే ప్రతిపాదించారు. ఆ ఆలోచనకు లాహోరు వీథులు కొంత దోహదం చేసి ఉంటాయని మేము విశ్వసిస్తున్నాము.

1928లో ఇంగ్లండుకు మరలివెళ్ళి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ శాఖలో అధ్యాపకులైనారు. ఆ కాలంలోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవశాస్త్ర ఆచార్యుడైన మలినోవ్‌స్కీ పరిచయం లభించింది. పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల జనుల మధ్య నివసించి వచ్చిన మలినోవ్‌స్కీ, మాట పలుకబడిన సందర్భం తెలియనిదే ఆ మాటను అనువదించడం అసాధ్యమని గ్రహించినవాడు. ఫర్త్ ఈ సందర్భ భావనను స్వీకరించి భాషాశాస్త్రంలో ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. మాట్లాడేవారెవరు, వినేవారెవరు, అచ్చట ఉన్న వస్తువులేవి, ఆ మాట వలన కలిగిన ఫలితమేమి అన్న నాలుగింటినీ పరిశీలించిన పిదపనే అర్థనిర్ణయానికి పూనుకోవాలని బోధించారు.

మన ఇండ్లలోని ఉదాహరణతోనే దీనిని గ్రహించవచ్చు. అతిథి లేచి నిలబడి వెళ్ళొస్తానంటాడు. నిఘంటువు ప్రకారం అది తిరిగి వస్తాననే వాగ్దానం. సందర్భాన్ని బట్టి అది సెలవు తీసుకోవడం మాత్రమే. తిరిగి రాలేదని ఆ అతిథిని ఎవరూ నిలదీయరు. సంభాషణను శ్రద్ధగా పరిశీలిస్తేనే భాష స్వరూపం బోధపడుతుందనీ, మనం స్వేచ్ఛగా మాట్లాడుతున్నామని అనుకునే మాటలలో చాలా భాగం సంఘం ఏర్పరచిన మర్యాదక్రమమేననీ ఫర్త్ 1935లో ప్రకటించిన అర్థవిచార వ్యాసంలో వివరించారు. నేడు సంభాషణ పరిశోధన పేరిట సాగుతున్న కృషికి ఆ వ్యాసం ఒక తొలి మెట్టు.

అదే 1935లో లండన్ నగరంలో ధ్వనిశాస్త్రజ్ఞుల రెండవ అంతర్జాతీయ మహాసభ జరిగింది. ఐరోపా భాషల చర్చలకే ప్రాధాన్యం ఉండే ఆ రోజులలో, ఆ సభాసంపుటికి ఫర్త్ సమర్పించిన పత్రం కొన్ని భారతీయ భాషల ధ్వని లక్షణాలను గురించినది. మరి రెండేండ్లకు, 1937లో, లెవర్‌హ్యూమ్ పరిశోధక వేతనం లభించగా గుజరాతీ, తెలుగు భాషలను పరిశోధించడానికి ఆయన మరల భారతదేశానికి వచ్చారు. ఒకప్పుడు ఆంగ్లం నేర్పడానికి వచ్చినవాడు ఈ పర్యాయం మన భాషలను నేర్చుకోవడానికి వచ్చాడు. ఈ మార్పును మన విద్యార్థులు గమనించాలి.

1938లో ఫర్త్ లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను భాష తెలిసినవారు కావలసివచ్చినప్పుడు, అల్పకాలంలో సైనికులకు ఆ భాషను నేర్పే బాధ్యత ఆ విద్యాలయంపై పడింది. ఫర్త్ ఒక ఉపాయం కనుగొన్నారు. భాషనంతటినీ నేర్పవలసిన పని లేదు. ఒక నిర్ణీత కార్యంలో నిజంగా వాడబడే మాటలను సేకరించి వాటినే నేర్పితే చాలును. జపాను వైమానికుల సంభాషణను ఆలకించవలసిన వానికి ఆ వైమానికులు వాడే పరిమిత భాషయే కావాలి గాని కావ్యభాష అక్కరలేదు. ఈ పరిమిత భాష అనే ఆలోచన యుద్ధానంతరం కూడా ఆయన సిద్ధాంతంలో ముఖ్యాంగమై నిలిచింది. 1944లో ఆయన సాధారణ భాషాశాస్త్ర ఆచార్యులుగా నియమితులైనారు. బ్రిటనులో ఆ శాస్త్రానికి ఏర్పడిన మొదటి ఆచార్యపీఠం అదే. హార్లీ పండితుడు రచించి 1944లో ప్రకటించిన వ్యావహారిక హిందూస్తానీ బోధినికి పీఠిక వ్రాసినవారు కూడా ఫర్త్ మహాశయులే.

1948లో ఆయన ఫిలలాజికల్ సొసైటీ సంపుటిలో ధ్వనులను గురించిన ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రకటించారు. మాటను పూసల దండవలె ఒక్కొక్క ధ్వనిగా విడదీయడం చాలదనీ, అనేక అక్షరాలపై వ్యాపించే లక్షణాలుంటాయనీ అందులో ప్రతిపాదించారు. మనిషి అనే మాట బహువచనంలో మనుషులు అవుతుంది. చివరి ఉకారం వెనుకకు వ్యాపించి నడుమనున్న ఇకారాలను తన వలెనే మార్చివేసింది. ఇట్టి విషయాలకు ఆయన పద్ధతి చక్కగా అనువర్తిస్తుంది. సంస్కృత వర్ణమాలలోని అనుస్వార విరామాలను, అరబ్బీ లిపిలోని సుకూన్, హంజా, తష్దీద్ గుర్తులను ఆయన గౌరవంతో పరిశీలించారు. మన ప్రాచీన వైయాకరణుల కృషి లేనిదే పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల ధ్వనిశాస్త్రం రూపొందేది కాదని అంగీకరించిన నిష్పక్షపాతి ఆయన.

ఇక ఆయన కీర్తికి ప్రధాన కారణమైన పదసాహచర్య సిద్ధాంతాన్ని ప్రస్తావించాలి. 1951లో వెలువడిన వ్యాసంలో ఫర్త్, ఒక పదం తరచుగా ఏ పదాలతో కలిసి వస్తుందో గమనించడం అర్థనిర్ణయంలో ఒక ముఖ్య మార్గమని నిరూపించారు. ఇందుకు ఎడ్వర్డ్ లియర్ హాస్య పద్యాలను, స్విన్‌బర్న్ కవితలను, పూర్వకాలపు లేఖలను పరిశీలించారు.

ఈ సిద్ధాంతానికి మన భాషలలో ఉదాహరణలు కొల్లలు. పచ్చి అనే మాటను తీసుకుందాం. పచ్చి పాలు అంటే కాచనివి. పచ్చి బాలింత అంటే ఇటీవలనే ప్రసవించినది. పచ్చి అబద్ధం అంటే ఏ సందేహానికీ తావులేని అబద్ధం. ఇన్ని అర్థాలు ఆ ఒక్క మాటలో ఎచ్చట దాగి ఉన్నాయి? పక్కన నిలిచిన మాటనుబట్టి అర్థం తేలుతున్నది. ఉర్దూలో ఖానా అనే క్రియను చూడండి. రొట్టెను తింటారు సరే. ఆ భాషలో కసమ్‌ను తింటారు, ధోఖాను తింటారు, హవాను కూడా తింటారు. తెలుగువారు ఒట్టును తినరు, పెట్టుకుంటారు. మోసాన్ని తినరు, మోసపోతారు. కాని దెబ్బలను మాత్రం ఇరు భాషలవారూ తింటారు! ఉర్దూ ఇంటి నుండి వచ్చిన విద్యార్థి తెలుగులో ఒట్టు తిన్నానని వ్రాస్తే మనం ఎర్ర సిరాతో కొట్టివేస్తాము. అతడు వ్యాకరణంలో తప్పలేదు. మాటకు వేరొక స్నేహితుని జతపరచినాడు, అంతే. ఈ భేదాన్ని వివరించి చెప్పే గురువు, కేవలం తప్పు అని గీత గీచే గురువుకంటె ఎక్కువ మేలు చేస్తాడు.

ఫర్త్ చూపిన మార్గంలో ఆయన సహాధ్యాపకుడు టి. ఎఫ్. మిచెల్, లిబియాలోని సైరెనైకా ప్రాంతపు అరబ్బుల క్రయవిక్రయ భాషను పరిశోధించి 1957లో ప్రకటించారు. నమస్కారం, సరుకును గురించిన ప్రశ్న, సరుకు పరిశీలన, బేరం, ముగింపు అని ఆ సంభాషణలో ఐదు ఘట్టాలను గుర్తించారు. మన సంతలో ఎద్దులను కొనే రైతు మాటలనైనా, గాజుల దుకాణంలో బేరమాడే గృహిణి మాటలనైనా ఈ విధంగా పరిశీలించవచ్చును.

మహనీయుని గుణాలతోపాటు లోపాలనూ చెప్పడం జీవితచరిత్రకారుని ధర్మం. ఫర్త్ రచన క్లిష్టమైనది. తన పారిభాషిక పదాలను కొన్నిచోట్ల విడమరచి చెప్పలేదు. సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించే బృహద్గ్రంథం వ్రాయనూలేదు; సభలకూ సంపుటాలకూ సమర్పించిన వ్యాసాలే ఆయన ఆస్తి. వాటి సంకలనం 1957లో వెలువడింది. అదే సంవత్సరం అమెరికాలో చామ్‌స్కీ తొలి గ్రంథం ప్రచురితమై భాషాశాస్త్ర లోకాన్ని తనవైపు త్రిప్పుకున్నది. వాడుకలోని వాక్యాలను పోగుచేయడం వలన భాషాజ్ఞానం సిద్ధించదనే వాదం బలపడింది. జాన్ లయన్స్ వంటి పండితులు ఫర్త్ అర్థసిద్ధాంతం అసంపూర్ణమని విమర్శించారు. 1956లో పదవీ విరమణ చేసిన ఫర్త్, 1960 డిసెంబరు 14వ తేదీన మరణించారు. ఆనాటికి ఆయన మార్గం మూసుకుపోయినదనే పలువురు భావించి ఉంటారు.

కాని విత్తనం శిష్యులలో నిలిచింది. ఆయన శిష్యుడు హాలిడే భాషను సామాజిక సాధనంగా వివరించే వ్యాకరణాన్ని నిర్మించారు. జాన్ సింక్లెయిర్ 1960 దశకంలో సుమారు 1,35,000 పదాల ఆంగ్ల సంభాషణలను సేకరించి, పదసాహచర్యాన్ని కంప్యూటరు సహాయంతో లెక్కించారు. ఫర్త్ చేతితో చేసిన పనిని యంత్రం చేయనారంభించింది. 1975లో ఆయనే కూల్టార్డ్‌తో కలిసి తరగతి గదిలో గురుశిష్యుల సంభాషణను విశ్లేషించారు. 1987లో ఆయన నాయకత్వాన వెలువడిన కోబిల్డ్ నిఘంటువు, కార్పస్ అని పిలువబడే భాషానిధి ఆధారంగానే నిర్మితమైనది. మన దేశంలో కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో 1978 నాటి రచనలతో పది లక్షల పదాల భారతీయ ఆంగ్ల భాషానిధి రూపొందింది. తరువాతి కాలంలో మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు కలిసి సిద్ధపరచిన ఎమిల్ భాషానిధిలో ఉర్దూ, తెలుగు రెండింటికీ స్థానం లభించింది. నేడు కార్పస్ సదస్సు ఎచ్చట జరిగినా పదసాహచర్యం చర్చకు వస్తుంది. ఫర్త్ నామం వినబడుతుంది.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినదేమి? భాషాపరిశోధనకు గొప్ప యంత్రాలు ఆ తరువాతనే; మొదట కావలసినది వినే చెవి. మన విద్యార్థులకు ఆ చెవి పుట్టుకతోనే లభించింది. రెండు భాషల మధ్య పెరిగినవానికి ఒక పదం ఏ పదంతో స్నేహం చేస్తుందో, దేనితో చేయదో త్వరగా తెలుస్తుంది. ఉభయ శాఖల విద్యార్థులు తమ వీథులలో, బజారులలో, ఇండ్లలో వినిపించే మాటలను, పలికినవారి అనుమతితో, సందర్భసహితంగా వ్రాసి తేవాలని మా కోరిక. ఏడాదికి ఒక దినమైనా వారు ఆ సేకరణలపై పత్రాలు చదివే చిన్న సదస్సును ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల పాలక సంఘంవారిని సవినయంగా ప్రార్థిస్తున్నాము. దానికి వలసిన ఖర్చు కొన్ని నోటు పుస్తకాలు, ఒక సాయంకాలపు తేనీరు. ఆ దినాన వరండాలోని మాటలు తరగతి గదిలోకి ప్రవేశిస్తాయి. వానిని పలికేవారు కూడా సంకోచం విడిచి వాటితోపాటు ప్రవేశిస్తారు.