తాళ్లపాక అన్నమాచార్యులు

ఏలూరు మీదుగా చినతిరుపతి యాత్ర కేగు మన సోదరులకు అన్నమయ్య పేరు క్రొత్తది గాదు. 1408లో కడపసీమయందలి తాళ్లపాకలో జన్మించి 1503లో పరమపదించిన యీ మహనీయుడు 32,000 సంకీర్తనములు రచించెనని మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసెను. సాళువ నరసింహరాయనిపై శృంగారపదము పాడ నొల్లక సంకెలలం దగులుకొనెననియు నందే కలదు.

ఆ పదములను కుమారుడు పెదతిరుమలాచార్యుడు రాగిరేకుల కెక్కించి తిరుమల యాలయమున సంకీర్తనభాండారమున భద్రపఱచెను. తాటాకును నమ్మక రాగిని నమ్మిన యాతని దూరదృష్టిని మేము మఱిమఱి కొనియాడుచున్నాము. ఐనను రేకులు శతాబ్దములు మఱుగునం బడియుండి యిరువదవ శతాబ్దిలోనే వెలికివచ్చినవి. పరిష్కర్తలలో మన పొరుగు కృష్ణామండలపు వేటూరి ప్రభాకరశాస్త్రిగా రొకరు.

దొరకినవి సగమునకు లోపే. వానిపై రాగము పేరు గలదు, స్వరము లేదు. కావున నన్నమయ్య పాడిన బాణీ యెట్టిదో యెఱుంగు భాగ్యము మనకు లేకపోయెను.