సోనెమాన్ వీధి వెనుక ఒక పత్రిక కథ

ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ చిరునామా సోనెమాన్ వీధి, 20వ నంబరు. ఐటీ ప్రాజెక్టుల పని మీద అటు వెళ్లే తెలుగువాళ్లు మాలో చాలామందే ఉన్నారు. ఆ వీధికి పేరిచ్చిన మనిషి ఒక పత్రికాధిపతి. ఏ చానల్ ఏ పార్టీదో తెలుసుకుంటే గానీ వార్తను నమ్మాలో వద్దో తేల్చుకోలేని రోజులివి. ఇలాంటప్పుడు ఆయన జీవితం మనవాళ్లకు చెప్పాలనిపించింది.

లియోపోల్డ్ సోనెమాన్ 1831లో బవేరియాలోని హ్యోష్‌బెర్గ్ అనే ఊళ్లో, యూదు కుటుంబంలో పుట్టారు. బట్టల వ్యాపారం నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యాంకింగ్‌లోకి వచ్చారు. 1856లో రోజెంతాల్ అనే మరో బ్యాంకరుతో కలిసి, వ్యాపార వార్తలిచ్చే చిన్న పత్రిక ప్రారంభించారు. వ్యాపారికి తప్పుడు వార్త అంటే నేరుగా నష్టమే. అందుకే అలాంటి పత్రికకు సరైన అంకె ఇవ్వడమే ప్రాణం. కొద్ది కాలంలోనే అది రాజకీయాలు కూడా రాయడం మొదలుపెట్టింది.

1866లో ప్రష్యా సైన్యం అప్పటిదాకా స్వతంత్ర నగరంగా ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఆక్రమించి పత్రికను మూయించింది. సోనెమాన్ వెనక్కి తగ్గలేదు. స్టుట్‌గార్ట్ వెళ్లి అక్కడి నుంచి వేరే పేరుతో పత్రిక నడిపారు. అదే ఏడాది తిరిగొచ్చి, ‘ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్’ అన్న పేరుతో మళ్లీ మొదలుపెట్టారు.

1871లో ఆయన జర్మన్ పార్లమెంటు సభ్యుడయ్యారు. ఫ్రాన్స్‌పై గెలిచిన ఉత్సాహంలో దేశమంతా ఊగిపోతోంది. ఆల్సేస్-లొరేన్‌ను అక్కడి ప్రజలను అడగకుండా కలుపుకోవడం తప్పని ఆయన అన్నారు. గెలిచిన దేశంలో ఉండి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో మనం ఊహించుకోవచ్చు.

బిస్మార్క్ కాలంలో ఈ పత్రిక మీద కేసులు తప్పలేదు. పేరు లేకుండా అచ్చయిన వ్యాసాలు ఎవరు రాశారో చెప్పమని కోర్టులు అడిగాయి. సంపాదకులు జైలుకు వెళ్లారు గానీ పేర్లు చెప్పలేదు. సమాచారం ఇచ్చినవారి పేరు బయటపెట్టకుండా ఉండే హక్కు నేడు జర్మనీలో విలేకరులకు చట్టప్రకారమే ఉంది. ఆ పత్రికలో ప్రధాన సంపాదకుడంటూ ఎవరూ ఉండేవారు కాదు. సంపాదకులంతా కూర్చుని చర్చించుకుని నిర్ణయాలు తీసుకునేవారు. సోనెమాన్ 1909లో కన్నుమూశారు.

అంతకు ముందు ఏడాదే, 1908లో, మన బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపేశారు. నిజం రాసినందుకు మూల్యం చెల్లించినవాళ్లు మన నేల మీదా ఉన్నారు.

సోనెమాన్ పత్రిక ఆ తర్వాత ఏమైందన్నదీ తెలుసుకోవాలి. కేసులను, జైళ్లను తట్టుకుని నిలిచిన ఆ పత్రిక, 1920ల చివరికి నష్టాల్లో పడి ఐజీ ఫార్బెన్ అనే పెద్ద రసాయనాల కంపెనీ సొమ్ము మీద ఆధారపడింది. నాజీలు వచ్చాక సోనెమాన్ మనవడు హైన్రిష్ సైమన్ 1934లో పత్రికను వదులుకోవాల్సి వచ్చింది. 1943లో దాన్ని పూర్తిగా నిషేధించారు. నాజీల నియంతృత్వం ముందు ఏ పత్రికైనా నిలిచేదో లేదో గానీ, సొంత కాళ్ల మీద నిలబడే బలం మాత్రం దానికి అంతకు ముందే పోయింది.

ఇవాళ మన పత్రికలను, చానళ్లను తిట్టుకునేటప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. చందా కట్టే పాఠకులు తగ్గితే, ఆ ఖర్చు ఇంకెవరో భరిస్తారు. అప్పుడు వార్త కూడా వాళ్లదే అవుతుంది. ఇంటికి డబ్బు పంపేటప్పుడు యూరో రేటులో పైసల తేడా ఉన్నా నాలుగు చోట్ల సరిచూసుకునే మనం, మన పార్టీకి నచ్చే వార్త వస్తే చదవకుండానే వాట్సాప్‌లో పంపేస్తాం. కనీసం ఒక్క పత్రికకైనా చందా కట్టి, అది మన నాయకుణ్ని విమర్శించినా మానేయకుండా చదవగలిగితే, పాఠకులుగా మన వంతు మనం చేసినట్టే.